డాక్టరమ్మ గారికి కామెర్లు వచ్చిన ఆదివారం

మీరంతా ఇప్పుడు ఫోనుకి గుండ్రటి లైటు తగిలించుకుని, ఇంట్లో ఓ మూల కూర్చుని మాట్లాడి, నిమిషాల్లో లోకానికి చూపించేస్తున్నారు. నా మనవరాలూ అంతే. మొన్న దాని వీడియో చూసి, "ఎడమ చెంప మీద కిటికీ వెలుగు నీలంగా ఉంది, కుడి చెంప మీద బల్బు వెలుగు పసుపుగా ఉంది, నువ్వు సగం సగం ఇద్దరు మనుషుల్లా ఉన్నావే" అన్నాను. "అదంతా ఎవరు చూస్తారు అమ్మమ్మా?" అంది.

చూస్తారు. బాపట్లలో చూశారు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెనాలిలో ఒక ఫొటో స్టూడియోలో 1966లో చేరి 2009లో మానేశాను. మొదటి ఇరవై ఎనిమిదేళ్లూ నెగెటివుల మీద సన్న పెన్సిలుతో మచ్చలు, ముడతలు దిద్దే పని చేశాను. కలర్ ల్యాబులు వచ్చాక ఆ పని పోయింది. నన్ను కూడా పొమ్మంటారేమో అనుకుంటుంటే మా ఓనరు గారు, "మొహం మీద నీడ ఎక్కడుండాలో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదమ్మా, వీడియోకి లైట్లు మీరు చూసుకోండి" అన్నారు. అలా నలభై ఏడో ఏట లైట్లు పట్టాను. వెళ్లిన ప్రతి పనికీ తేదీ, ఊరు, ఏ లైటు ఎన్ని వాట్లు, మనిషికి ఎన్ని అడుగుల దూరం, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చింది, అన్నీ పుస్తకంలో రాసుకునేదాన్ని. దూరాలు కొలవడానికి దర్జీ టేపు కొంగున ముడేసుకుని తిరిగేదాన్ని. మా వాళ్లు వెనక నవ్వేవాళ్లు. ముందు కూడా నవ్వేవాళ్లు.

2004లో బాపట్లలో కేబుల్ టీవీ నడిపే ఒకాయన, ఆదివారం ఉదయం ఎనిమిదింటికి అరగంట ఆరోగ్యం మీద మాట్లాడించాలనుకున్నాడు. ఒప్పుకున్నావిడ రేపల్లె డాక్టరమ్మ గారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యారు. రికార్డింగు మా స్టూడియోకి వచ్చింది. డాక్టరమ్మ గారు తెనాలి దాకా రాలేనన్నారు, కాబట్టి వాళ్లింటి హాలునే ప్రతిసారీ స్టూడియోగా మార్చాలి. ఒక వారం బాపట్లలో వేసిన టేపునే మరుసటి వారం రేపల్లెలో వేస్తారు. మొదటి టేపు జనానికి నచ్చితే పదమూడు వారాలు. నచ్చకపోతే ఆ అరగంట వాస్తు చెప్పే ఆయనకి పోతుంది. ఆయన అప్పటికే బాపట్లలో కేబుల్ ఆఫీసు మెట్ల మీద రోజూ కూర్చుంటున్నాడట.

జూలై 7, బుధవారం. తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాం. నేను, మా కెమెరామన్, వెయ్యి వాట్ల హాలోజన్ లైట్లు రెండు, స్టాండ్లు మూడు, థర్మోకోల్ షీట్లు నాలుగు. మా కెమెరామన్ తెనాలి సాయిబుల అబ్బాయి, అంటే అప్పటికి నలభై దాటినవాడే. పెళ్లి వీడియోలు తీయడంలో దిట్ట. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. పెళ్లి మండపాల మీద పేర్లు చెక్కి అంటించేది ఆ థర్మోకోలే కదా, పెట్టెలో ప్రతి ఒక్కరూ "పెళ్లెవరిదండి?" అని అడగడమే.

"మా అక్కదేనండి" అన్నాడు వాడు. "పెళ్లికొడుకు రేపల్లె స్టేషన్లో ఎదురుచూస్తున్నాడు."

"వాడు కూడా నీలాగే మాట్లాడేవాడైతే ఈ బండిలోనే వెనక్కి వస్తాను" అన్నాను.

ఇక్కడ ఒక పనిముట్టు గురించి చెప్పాలి. అది ఒక తెల్ల డ్రాయింగు షీటు. కెమెరాకి తెలుపంటే ఏమిటో తనంతట తనకి తెలియదు. పని మొదలుపెట్టే ముందు లైట్ల కింద ఒక తెల్లటి వస్తువు చూపించి, "ఇదీ తెలుపు" అని మీట నొక్కాలి. ఇక మిగతా రంగులన్నీ దాన్నిబట్టి అది లెక్క వేసుకుంటుంది. ఆ షీటుని నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పసిపిల్లలా మోసేదాన్ని. ఆ రోజు మా తమ్ముడు దాన్ని ఒళ్లో బల్లలా పరుచుకుని, పైన ఇడ్లీ పొట్లం విప్పాడు. కవరు మూతి తెరుచుకుని ఉంది. బండి ఊగింది. అల్లం పచ్చడి షీటు మీద రూపాయి బిళ్లంత మచ్చ వేసింది.

"మచ్చ పక్కన చూపిస్తే సరిపోతుందిలే అక్కా" అన్నాడు.

"పచ్చడి మచ్చ ఉన్నదాన్ని తెలుపని చూపించమంటావా? పనంటే పనిలా ఉండాలి" అన్నాను. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేనైతే మరిచిపోలేదు.

రేపల్లెలో డాక్టరమ్మ గారి ఇల్లు పెద్ద హాలు, ఉత్తరం వైపు నిలువెత్తు కిటికీ. ఆ కిటికీ తలుపులు మూసేశాం. లోపలి లైట్లతో బయటి వెలుతురు కలిస్తే రంగులు చెడతాయి. పెద్ద లైటుకి బటర్ పేపర్ కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి, మొహానికి అయిదున్నర అడుగుల దూరంలో ఎడమవైపు నిలబెట్టాను. రెండోదాన్ని కుడివైపు థర్మోకోల్ మీదికి తిప్పాను, మెత్తగా వెలుగు వెనక్కి వచ్చేలా. ఆవిడ కళ్లద్దాల్లో లైటు మెరుస్తుంటే, లైటు ఒక అడుగు పైకి ఎత్తి, కళ్లద్దాల కాడలు చెవుల మీద కాస్త పైకి పెట్టించాను. మెరుపు పోయింది. ఫ్యాను ఆపించాను, రెక్కల నీడ పడుతుంటే.

లైట్లు సర్దుతుండగా ఆవిడ నాతో ఒక మాట అన్నారు. "నా సర్వీసంతా ఒకటే బాధమ్మా. వానలు పడి నీళ్లు మారగానే కామెర్లు వస్తాయి. కళ్లు పచ్చబడిన పది పదిహేను రోజులకి గానీ ఆసుపత్రికి తీసుకురారు. అప్పటిదాకా ఎవరో ఇచ్చిన పసరు తాగిస్తూ, చేతి మీద వాతలు పెట్టిస్తూ కూర్చుంటారు. మూడు రోజుల్లోపు తెండి అని చెప్పాలి. నా గదిలోకి వచ్చినవాళ్లకి చెప్పి లాభం లేదు, వాళ్లు అప్పటికే వచ్చేశారుగా. రానివాళ్లకి చెప్పాలి. అందుకే ఈ టీవీకి ఒప్పుకున్నాను."

అందుకే మొదటి టేపు కామెర్ల మీద.

ఇక తెలుపు. షీటు పనికిరాదని నేనే తేల్చేశానుగా, తెల్లటి వస్తువు కోసం ఇల్లంతా చూశాను. డాక్టరమ్మ గారి భర్త గుమ్మంలో నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన పెద్దమనిషి, పొలాలు చూసుకున్నాయన. ఆయన కట్టుకున్న గంజి పంచె చూస్తే కళ్లు జిగేల్‌మన్నాయి. అంత తెల్లనిది నేను తెనాలిలో కూడా చూడలేదు.

"అన్నయ్యగారూ, ఇలాంటిదే ఉతికిన పంచె ఇంకోటి ఉందాండి?"

ఆయన మొహం వెలిగిపోయింది. "డజను ఉన్నాయి చెల్లెమ్మా. నా పంచె తెలుపు గురించి రేపల్లెలో ఎవర్నైనా అడుగు." బీరువాలోంచి ఒకటి తెచ్చి, మడత విప్పి, లైట్ల ముందు స్వయంగా పట్టుకుని నిలబడ్డారు. కెమెరాకి చూపించి మీట నొక్కాం.

డాక్టరమ్మ గారు ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడారు. బట్టీపట్టిన పాఠం ఒప్పజెప్పినట్టు కదలకుండా, మెదలకుండా. కొంచెం బిగుసుకుపోయారని నాకూ అనిపించింది, కానీ నా పని లైట్లు. మా కెమెరాలో బొమ్మ నలుపు తెలుపుల్లోనే కనపడేది, అందుకని అయిపోయాక టేపు వాళ్ల టీవీలో పెట్టి చూశాం. ఆవిడ మొహం కాస్త పసుపుగా అనిపించింది. నేను నోరు తెరిచేలోపే అన్నయ్యగారు, "మా టీవీ అంతే చెల్లెమ్మా. పొలం పచ్చగా కనపడాలని రంగు పెంచి పెట్టాను. వార్తలు చదివే పిల్ల కూడా అలాగే ఉంటుంది" అన్నారు. ఆయన మాట నమ్మాను. మర్నాడు టేపు బాపట్ల బస్సులో వెళ్లిపోయింది.

ఆదివారం ఎనిమిదిన్నరకి మా ఇంటి ఫోను మోగింది. బాపట్ల కేబుల్ ఆయన.

"అమ్మా, ఆ డాక్టరమ్మ గారికి ఒంట్లో ఎలా ఉందండి?"

"బాగానే ఉన్నారే. ఏంటి సంగతి?"

"బాగుండటమేంటండి. ఆవిడకి ముదిరిపోయింది. ఊరంతా అంటున్నారు."

సోమవారం, జూలై 12న మెయిన్ లైను బండి పట్టుకుని బాపట్ల వెళ్లాను. కేబుల్ ఆఫీసు ఒక మేడ మీది గది. ముప్పై అయిదేళ్ల మనిషి, అందరినీ అమ్మా, బాబాయ్ అంటాడు గానీ అరగంట ఎవరికీ ఊరికే ఇవ్వడు. టేపు పెట్టాడు. కామెర్ల లక్షణాల గురించి చెబుతున్న డాక్టరమ్మ గారి మొహం పసుపు. చేతులు పసుపు. కళ్లల్లో తెల్లగుడ్డు కూడా పసుపు. "కళ్లు పచ్చబడితే వెంటనే గుర్తించాలి" అంటున్నారావిడ, ఆ కళ్లతోనే.

"మీ మిషను రంగులు సరిగా లేవేమో బాబూ" అన్నాను. అతను ఒక పెళ్లి టేపు పెట్టాడు. పెళ్లికూతురు చక్కగా చామనచాయలో ఉంది. మా టేపు మళ్లీ పెట్టాడు. పసుపు.

"ఇరవై మూడు ఫోన్లమ్మా" అన్నాడు. "ఒకాయన, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు, ఇక్కడ లోకమంతా బాగానే ఉంది, డాక్టరే పచ్చగా ఉందేంటండీ అన్నాడు. ఇంకొకావిడ పాపం ఏడ్చింది. ఇవిగో, ఇవి చూడండి."

బల్ల కింద నుంచి తడిగుడ్డలో చుట్టిన కట్ట ఒకటి తీశాడు. నేల ఉసిరి మొక్కలు, వేళ్లతో సహా. సూర్యలంక దగ్గర చేపలు పట్టే పల్లె నుంచి ఒక ముసలాయన పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఇచ్చి వెళ్లాడట. "ఆ యమ్మకి ఇవ్వండి, పరగడుపున మూడు రోజులు తాగమనండి, మంచిమనిషిలా ఉంది" అన్నాడట.

నాకు నవ్వు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు జనం మొహాల మీది మచ్చలు దిద్దినదాన్ని, ఒక మంచి డాక్టరుకి లేని జబ్బు అంటించాను.

"ఇంకొక్కసారి తీసి ఇస్తాం" అన్నాను.

"ఈ ఆదివారం రేపల్లెలో వేయాలి. శనివారం సాయంత్రం నాలుగింటికల్లా టేపు ఈ బల్ల మీద ఉండాలండి. లేదంటే ఆ మెట్ల మీద కూర్చున్నాయన్ని లోపలికి పిలుస్తాను. మీరు దిగేటప్పుడు చూస్తారుగా."

చూశాను. ఆయన నాకు నమస్కారం పెట్టి, మా ఇంటి గుమ్మం ఎటు ఉందని అడిగాడు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ గారికి ఫోను చేశాను. ఆవిడకి అప్పటికే బాపట్ల చుట్టాల ద్వారా తెలిసిపోయింది. నవ్వుతూనే మాట్లాడారు. "నిన్న రాత్రి అద్దంలో చూసుకుని, ఎందుకైనా మంచిదని రక్తం కూడా పరీక్ష చేయించుకున్నానమ్మా. ఏమీ లేదు." ఆ వెంటనే అన్నారు, "కానీ ఇక వద్దులెండి. కామెర్ల గురించి చెప్పే డాక్టరుకే కామెర్లంటే నా మాట ఎవరు వింటారు? రేపల్లెలో కూడా వేసి నన్ను నవ్వులపాలు చేయొద్దు. ఆ వాస్తు ఆయన్నే చెప్పుకోనివ్వండి."

ఆవిడ పోగొట్టుకునేది అరగంట కాదని నాకు తెలుసు. రానివాళ్లకి చెప్పాలన్నారు కదా, ఆ దారి మూసుకుపోతోంది. మూసింది నా లైటు. "తప్పు ఎక్కడో కనుక్కుని శుక్రవారం వస్తానండి. కనుక్కోలేకపోతే రాను" అన్నాను.

మంగళ, బుధ, గురువారాలు స్టూడియోలో అవే లైట్లు, అవే దూరాలు, అదే బటర్ పేపర్. మా తమ్ముడిని డాక్టరమ్మ గారి స్థానంలో కూర్చోబెట్టాను. లైటు వేడికి బటర్ పేపర్ పసుపెక్కిందేమోనని కొత్తది కట్టాను. బల్బులు మార్చాను. వోల్టేజి తగ్గించి చూశాను. పరీక్షే కదా అని తెలుపుకి ఆ మచ్చ షీటే చూపిస్తూ పదకొండు రకాలుగా తీశాం. పదకొండింటిలోనూ మా తమ్ముడు తన మామూలు రంగులోనే ఉన్నాడు.

"అల్లా ఇచ్చిన రంగు అక్కా, ఎన్ని చేసినా మారదు" అన్నాడు. "ఆవిడ మొహానికి పసుపు రాసుకుని కూర్చున్నారేమో?"

"ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన రోజు నుంచే మానేశారట. అడిగాను."

"అయితే రేపల్లె గాలిలోనే ఏదో ఉంది" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు గానీ, ఆ రాత్రి పుస్తకంలో 'లోపం రేపల్లెలో ఉన్నది' అని నిజంగానే రాశాను. కనుక్కోలేకపోతే రానన్న మాట మీద నిలబడలేకపోయాను. కనుక్కోకుండానే బయల్దేరాను.

జూలై 16, శుక్రవారం. మా తమ్ముడికి శనివారం చీరాలలో పెళ్లి ఉంది, ఇక వేరే రోజు లేదు. పైగా శుక్రవారం కాబట్టి ఒంటిగంట నమాజుకి రేపల్లె మసీదుకి వెళ్లాలి. పన్నెండున్నరకల్లా అయిపోవాలి. తొమ్మిదిన్నరకి వాళ్లింటికి చేరాం. డాక్టరమ్మ గారు మొహమాటానికి కాఫీ ఇచ్చారు గానీ, హాల్లో కుర్చీ వేయించలేదు. నేల ఉసిరి కట్ట ఆవిడ చేతికిచ్చి, ఎవరు పంపారో చెప్పాను. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, బల్ల మీద పెట్టుకున్నారు.

చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్లాను. పనావిడ రాతి పలక పక్కన కూర్చుని పంచెలు జాడిస్తోంది. ఉతికిన పంచెని పక్కనున్న బకెట్లో ముంచింది. ఆ బకెట్లో నీళ్లు ఆకాశంలా ఉన్నాయి.

"అదేంటమ్మా?"

"నీలిమందండి. అయ్యగారికి పెట్టకపోతే ఒప్పుకోరు. అందరికంటే రెండు చుక్కలు ఎక్కువే పడాలండి."

అక్కడే నిలబడిపోయాను. మా ఇంట్లో కూడా పుట్టినప్పటి నుంచీ తెల్లబట్టలకి నీలిమందు పెడుతున్నాం. మన కంటికి అది తెలుపుకంటే తెల్లగా కనపడుతుంది. కెమెరా అమాయకురాలు. లేత నీలం గుడ్డ చూపించి "ఇదే తెలుపు" అంటే నమ్మేసింది. నీలాన్ని తెలుపు చేయడానికి బొమ్మంతటికీ పసుపు కలిపింది. పంచె తెల్లబడింది, డాక్టరమ్మ గారు పచ్చబడ్డారు. పచ్చడి మచ్చతో ఉన్న ఆ షీటు చూపించి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మా తమ్ముడు చెప్పింది అక్షరాలా అదే.

హాల్లోకి వెళ్లి అందరి ముందూ చెప్పాను. "తప్పు నాదేనండి. షీటు మీద చిన్న మచ్చ ఉందని, అన్నయ్యగారి పంచె తెలుపని నమ్మాను."

మా తమ్ముడు నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అన్నయ్యగారు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అంటే నా పంచె తెలుపు కాదంటావా చెల్లెమ్మా?"

కిటికీ తెరిచి, వెలుతురులో పంచె మడత, డ్రాయింగు షీటు పక్కపక్కన పట్టుకున్నాను. పంచె లేత నీలం. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"కాగితమే మాసిపోయింది" అన్నారు.

డాక్టరమ్మ గారు అప్పుడు నవ్వారు. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "నలభై ఏళ్లుగా చెబుతున్నానమ్మా, ఆ నీలిమందు తగ్గించండి అని. వింటేగా" అన్నారు. ఆ నవ్వు మీదే కుర్చీ వేయించారు.

లైట్లు పెట్టాం. దూరాలు కొలిచాను. షీటు మచ్చని వేలితో మూసి కెమెరాకి చూపించబోతున్నాను. పదకొండు ఇరవైకి కరెంటు పోయింది.

అన్నయ్యగారు కరెంటు ఆఫీసుకి ఫోను చేశారు. లైను పని, మూడు దాటాకేనట. మా తమ్ముడు గడియారం చూశాడు. "కెమెరాకి రెండు బ్యాటరీలున్నాయి అక్కా, అరగంట చొప్పున. నీ లైట్లకే ఏం లేదు." నేను రెండు వేల వాట్ల సామాను మధ్యలో కొంగున టేపుతో నిలబడి ఉన్నాను, ఏమీ తోచక.

డాక్టరమ్మ గారు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. "ఇక్కడ తీస్తే ఏం?" అన్నారు. "కామెర్లు చూడాలంటే నేనెప్పుడూ మనిషిని కిటికీ దగ్గరికే తీసుకెళ్తాను. పగటి వెలుతురులో కంటి తెల్లగుడ్డు చూడాలి. బల్బు కింద పసుపు తెలియదు, మోసపోతాం."

"ఈ మాట మొదటి రోజే చెప్పుంటే బాగుండేదండి."

"మీరు అడగలేదుగా. మీరు అంత శ్రద్ధగా లైట్లు కొలుచుకుంటుంటే, వెలుగు గురించి మీకు నేనేం చెప్తాను?"

మా స్టూడియో పెద్దాయన, ఓనరు గారి తండ్రి, కరెంటు లేని రోజుల్లో ఉత్తరం కిటికీ ఒక్కదానితోనే ఫొటోలు తీశానని చెప్పేవారు. వెయ్యి వాట్లు చేతికొచ్చాక నేను కిటికీని శత్రువులా మూస్తూ వచ్చాను. ఆ రోజు తలుపులు బార్లా తెరిచాను. మబ్బు పట్టి ఉంది, వెలుతురు బటర్ పేపర్ కట్టినంత మెత్తగా ఉంది. కిటికీ నుంచి నాలుగడుగుల దూరంలో ఆవిడని కూర్చోబెట్టాను. రెండోవైపు చెంప చీకటి పడకుండా రెండు థర్మోకోల్ షీట్లు పెట్టాలి. ఒకటి నేను పట్టుకున్నాను. స్టాండ్ల మీది లైట్లు దించే తీరిక లేక రెండోది అన్నయ్యగారి చేతికిచ్చాను. కదలొద్దన్నాను. మచ్చ ఉన్న షీటు చూపించి మీట నొక్కాం.

"ఈసారి కాగితం చూడకండి" అన్నాను. "మొన్నటిది ఎవరితో మాట్లాడినట్టూ లేదు. ఈ మొక్కలు పంపిన ఆయన కెమెరా పక్కన కూర్చున్నాడనుకోండి."

ఆవిడ నేల ఉసిరి కట్ట ఒళ్లోకి తీసుకున్నారు. మా తమ్ముడు చెయ్యెత్తాడు.

"పోయిన ఆదివారం బాపట్లలో నన్ను టీవీలో చూసినవాళ్లందరూ నాకు కామెర్లన్నారు" అని మొదలుపెట్టారు. "నాకేం లేదు, రక్తం పరీక్ష చేయించుకున్నాను. తప్పు లైట్లది. కానీ మీ చూపుది తప్పు కాదు. నేను చెప్పకముందే, చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, అందరూ ఒక్క చూపులో కనిపెట్టారు. ఒక పెద్దాయన నా కోసం ఈ మొక్కలు కూడా పంపాడు. ఆయనకి నమస్కారం. అయ్యా, టీవీలో నా మొహం చూసిన చూపే రేపు పొద్దున మీ మనవడి కళ్లలోకి చూడండి. బల్బు కింద కాదు. వాకిట్లోకి తీసుకొచ్చి, పగటి వెలుతురులో చూడండి. పసుపుగా కనపడితే మొక్కల కోసం వెతకొద్దు. నా కోసం మీరు బస్సెక్కారు కదా, ఆ బస్సే ఎక్కి వాడిని ఆసుపత్రికి తీసుకురండి."

ఇరవై నాలుగు నిమిషాలు. ఒక్కసారి కూడా ఆగలేదు. చివర్లో అన్నయ్యగారి చేతులు వణికి థర్మోకోల్ ఊగింది, ఆవిడ చెంప మీద వెలుగు రెండుసార్లు అటూ ఇటూ కదిలింది. నా పుస్తకంలో అది కూడా ఉంది. మా తమ్ముడు పన్నెండు నలభైకి టోపీ పెట్టుకుని మసీదుకి పరిగెత్తాడు. మూడున్నరకి కరెంటు వచ్చాక టేపు పెట్టి, ముందు అన్నయ్యగారి టీవీ రంగు నేనే తగ్గించి, ఆ తర్వాత చూశాం. డాక్టరమ్మ గారు డాక్టరమ్మ గారిలాగే ఉన్నారు. కళ్లు తెల్లగా ఉన్నాయి. టేపు నేనే పట్టుకుని బస్సులో బాపట్ల వెళ్లి, శుక్రవారం సాయంత్రమే ఆ బల్ల మీద పెట్టాను. కేబుల్ ఆయన మొదటి నిమిషం చూసి, "బాపట్లలో కూడా మళ్లీ వేస్తానండి" అన్నాడు. మెట్లు దిగుతుంటే వాస్తు ఆయన ఈసారి నా వైపు చూడలేదు.

పదమూడు వారాలూ జరిగాయి. ఎనిమిదో టేపు షుగరు జబ్బు మీద. ఆ రోజు కిటికీ దగ్గర థర్మోకోల్ నిలబెడుతుంటే ఒకావిడ ఏడేళ్ల పిల్లాడిని చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. రేపల్లె అవతల కృష్ణ ఒడ్డున ఉన్న లంక ఊరి నుంచట. ఆసుపత్రి అనుకుని డాక్టరమ్మ గారి ఇంటికే వచ్చేసింది. మమ్మల్నీ సామానునీ పట్టించుకోకుండా, పిల్లాడిని తిన్నగా కిటికీ ముందుకి తీసుకెళ్లి నిలబెట్టి, వేలితో వాడి కింది రెప్ప లాగి పట్టుకుంది.

"చూడండమ్మా. మీరు చెప్పినట్టే వాకిట్లో నిలబెట్టి చూశామండి."

డాక్టరమ్మ గారు వంగి చూశారు. "ఎప్పుడు చూశావమ్మా?"

"నిన్న పొద్దున్నండి. నిన్న బస్సు దొరకలేదండి."

డాక్టరమ్మ గారు పిల్లాడి తల మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగారు. "మీరు అన్నీ రాసుకుంటారుగా. ఇది కూడా రాసుకోండి. రెండో రోజు."

రాసుకున్నాను. అప్పటిదాకా ఆ పుస్తకంలో తేదీలు, వేళలు, అడుగులు, వాట్లు తప్ప వేరే అంకె లేదు. ఆ తేదీ కింద మాత్రం కిటికీ, నాలుగడుగులు, థర్మోకోల్ రెండు అని రాసి, పక్కన 'రెండో రోజు' అని ఉంది. అది కూడా వెలుగు లెక్కే కాబట్టి అక్కడే రాశాను. పనంతా పక్కనుండి చూస్తున్న అన్నయ్యగారు మాత్రం నా చేతిలో షీటు చూసి, "ఆ మాసిన కాగితం ఇంకా మార్చలేదా చెల్లెమ్మా?" అన్నారు.

మార్చలేదు. మొన్న మనవరాలికి ఇచ్చాను, మచ్చతో సహా.